రాజమహేంద్రవరపు చిత్రకారుడు

చిత్రలేఖనపు గంట రాగానే దానిని విశ్రాంతికాలముగా నెంచు విద్యార్థులు మనలో కొందరు కలరు. “ఈ గీతలవలన మా వానికి కూడు దొరకునా?” యని యడుగు తల్లిదండ్రులును కలరు. ఈ ప్రశ్న తగనిదని మేమనజాలము. అయినను దామెర్ల రామారావుగారి చరిత్రము నెరిగినపిదప దానిని మరల విచారింపవలసినదిగా కోరుచున్నాము.

రామారావుగారు 1897లో రాజమహేంద్రవరమున జన్మించిరి. చిన్ననాటనే వారికి బొమ్మలపై మక్కువ మెండు. 1909 మొదలు 1919 వఱకు ఆ పట్టణమందలి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు స్వయముగా చిత్రకారులు, గ్రంథకర్తలు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావుగార్లును వీరి శిష్యులే. బాలుని చేతిలోని నేర్పును కూల్డ్రేగారు కనిపెట్టి, బొంబాయిలోని జె. జె. కళాశాలకు పోవుటకు ప్రోత్సహించిరి. గురువు గుర్తింపనిచో ఆ విద్య మరుగుననే యుండిపోయెడిది కాబోలు.

బొంబాయిలో విద్య ముగించిన రామారావుగారు స్వస్థలమునకే మరలి వచ్చిరి. గోదావరీ తీరదృశ్యములను, పురాణకథలను, మన స్త్రీపురుషుల రూపములను చిత్రించిరి. 1922లో కలకత్తా ప్రదర్శనమున వారి ‘ఋష్యశృంగ బంధనము’ రాజప్రతినిధి బహుమానమును పొందెను. కీర్తి వచ్చినను ఊరు విడువక, అచ్చటనే చిత్రకళాశాలను నెలకొల్పి తాము నేర్చినది పదుగురికి నేర్పిరి.

వారు విశేషముగా వాడిన నీటిరంగుల పద్ధతిని గూర్చి యొకమాట. ఇందు కాగితపు తెలుపే వెలుగుగా నిలుచును. లేతరంగు ముందుగా పూసి, అది యారిన పిమ్మట ముదురురంగు వేయవలెను. ఒకసారి నల్లబడినచోట మరల తెలుపు తెచ్చుట మిక్కిలి కష్టము. కావున కుంచె పట్టుటకుముందే వెలుగెక్కడ, నీడ యెక్కడ అని కన్ను నిర్ణయింపవలెను. ఓర్పుతో చూచుటయే ఈ విద్యకు మొదటి పాఠము. ఈ యలవాటు గణితమునకును, ప్రకృతిశాస్త్రమునకును అక్కరకు రాదా?

వారి గృహమే మరియొక పాఠశాల. భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రలేఖనము నభ్యసించి చక్కని చిత్రములు వ్రాసిరి. ఆడపిల్లలకు అక్షరాభ్యాసమే యరుదైన ఆ రోజులలో ఇది సామాన్యము కాదు.

అంతలో మసూచి సోకి 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావుగారు పరలోకగతులైరి. అప్పటికి వారికి ఇరువదియెనిమిది యేండ్లైనను నిండలేదు. టీకాల వలన ఆ వ్యాధి లోకమునుండియే తొలగిపోయినదని 1980లో ప్రకటింపబడినది. ఆ మేలు వారికాలమునకు అందలేదు.

గురువుతోడనే కళాశాలయు అంతరింపవలసినదే. కాని మిత్రులైన వరదా వెంకటరత్నముగారు ఆ భారమును తలకెత్తుకొని పెక్కేండ్లు నడపిరి. రామారావుగారి పేరిట వెలసిన చిత్రశాల రాజమహేంద్రవరమున నేటికిని నిలిచియున్నది. తైలవర్ణ చిత్రములు, నీటిరంగుల చిత్రములు, చిత్తుగీతల పుస్తకములు అందు భద్రపరుపబడినవి. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మగార్ల చిత్రములను గూడ అచ్చట చూడవచ్చును.

గీతలు కూడు పెట్టునా యన్న ప్రశ్నకు ఈ చరిత్రము సూటిగా బదులు చెప్పదు. ఒక విషయమును మాత్రము స్పష్టముగా తెలుపుచున్నది. రామారావుగారు తమ విద్యను తమయందే దాచుకొనియుండినచో అది 1925తోనే ముగిసెడిది. ఇంటివారికి, ఊరివారికి పంచియిచ్చుటచేత అది వారి యనంతరమును బ్రదికినది.

విద్యార్థులారా! మీ ప్రక్కబల్లమీది పిల్లవాడు గీత గీయలేక తడబడుచుండిన నవ్వకుడు. మీకు తెలిసినది చూపుడు. తల్లిదండ్రులారా! మీ బిడ్డ గోడమీద బొగ్గుతో బొమ్మ వ్రాసిన, కోపించుటకు ముందొకసారి ఆ బొమ్మవైపు చూడుడు.