చూసింది చీర... వెంటపడింది దుప్పటి!

రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో ఓ ఆకుపచ్చ మంగళగిరి చీర చూశారు. అంచు నచ్చింది. ధర చూసి ‘తర్వాత చూద్దాంలే’ అని పక్కన పెట్టేశారు. మర్నాడు ఫేస్‌బుక్ తెరిస్తే అదే చీర! ఇన్‌స్టాగ్రామ్‌లోకి వెళితే అక్కడా అదే. కొట్టతను వీధి చివరిదాకా వెంటొచ్చి ‘అమ్మా, ఇంకో యాభై తగ్గిస్తా’ అని బతిమాలినట్టే ఉంటుంది.

ఇది కొనేవాళ్ల వైపు కథ. మరి అమ్మేవాళ్ల వైపు?

ఇంటి నుంచే చీరలమ్ముకునే గృహిణి ఒకరున్నారనుకుందాం. మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ చీరలు, వాటితోపాటు నాలుగు రకాల దుప్పట్లు. సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకున్నారు. ప్రకటనలకని రోజుకి 500 రూపాయలు కేటాయించారు. నెల తిరిగేసరికి 15,000 ఖర్చు! జనం వస్తున్నారు, చీరలు చూస్తున్నారు, వెళ్లిపోతున్నారు. వాళ్లకి మళ్లీ కనిపించాల్సింది వాళ్లు చూసిన చీర. కనిపిస్తున్నది దుప్పటి! పోనీ, దుప్పటి కొన్నావిడ సంగతి చూస్తే... కొనేసిన దుప్పటినే మళ్లీ కొనమంటూ వారంరోజులుగా ఆమెకి ఒకటే ప్రకటనలు. ధర ఎక్కువేమోనని తగ్గించారు. ఫొటోలు బాగాలేవేమోనని మళ్లీ తీయించారు. అయినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

తప్పు చీరది కాదు, ధరదీ కాదు. ఓ నంబరుది.

రెండు చిట్టాలు

చూసిన వస్తువునే మళ్లీ చూపించే ప్రకటనలు కొత్తవేం కాదు. 2005లో పారిస్‌లో పుట్టిన క్రిటియో కంపెనీ వీటితోనే పేరు తెచ్చుకుంది. గూగుల్ 2013లో, ఫేస్‌బుక్ 2015లో ఈ సదుపాయాన్ని దుకాణదారులకి అందుబాటులోకి తెచ్చాయి. అందరిదీ ఇంచుమించు ఒకటే పద్ధతి.

దుకాణం తరఫున రెండు చిట్టాలుంటాయి. మొదటిది కేటలాగ్. ప్రతి సరుకుకీ ఓ నంబరు, పేరు, ధర, ఫొటో, స్టాకు వివరాలు రాసి ప్రకటనల కంపెనీకి ఇచ్చే జాబితా అది. రెండోదాన్ని పిక్సెల్ అంటారు. వెబ్‌సైట్ పేజీలో కంటికి కనిపించకుండా ఉండే నాలుగు వరుసల కోడ్. ఎవరైనా చీర చూస్తే ‘ఫలానా నంబరు చూశారు’ అనీ, కార్ట్‌లో వేస్తే ‘వేశారు’ అనీ, డబ్బు కడితే ‘కొన్నారు’ అనీ కంపెనీకి కబురు పెడుతుంది. కబురులోని నంబరు కేటలాగ్‌లో దొరికితే ఆ చీరే ప్రకటనగా వెళుతుంది.

దొరక్కపోతే? ఎవరో వచ్చారని తెలుసు, ఏం చూశారో తెలీదు. ‘చూసినవాళ్లకే చూపించు’ అని పెట్టిన ప్రకటనైతే అసలు బయటికే రాదు. అందరికీ పంపే ప్రకటనైతే కేటలాగ్‌లోంచి ఏదో ఒకటి వెళుతుంది. దుప్పటి వచ్చింది అలాగే! కొనుగోలు కబురులో నంబరు తప్పినా అంతే. ఆవిడ కొనేశారన్న సంగతి కంప్యూటర్‌కి తెలియదు, పాపం. కాబట్టి పిలుస్తూనే ఉంటుంది.

ఒకే చీర, ఎన్ని నంబర్లో!

ఇంతకీ నంబరు ఎందుకు తప్పుతుంది? చిక్కల్లా రంగుల దగ్గర మొదలవుతుంది. ఒకే చీర ఆకుపచ్చ, మెరూన్, నీలం రంగుల్లో ఉంటే మొత్తానికి ఒక నంబరు, ఒక్కో రంగుకి మరో నంబరు ఉంటాయి. కేటలాగ్‌లో రంగుల నంబర్లు రాసి, పిక్సెల్ మాత్రం మొత్తం నంబరు పంపితే రెండూ ఎప్పటికీ కలవవు. మన ఉదాహరణలో చీరల గొడవ ఇదే. షాపిఫైలో దుకాణం పెట్టుకున్నవాళ్లకి ఎక్కువగా ఎదురయ్యేదీ ఇదే.

ఇంకో తంటా ప్లగిన్లతో. వూకామర్స్ వాడేవాళ్ల ఫేస్‌బుక్ ప్లగిన్ ఎస్‌కేయూ రాయని సరుకు నంబరు ముందు ‘డబ్ల్యూసీ పోస్ట్ ఐడీ’ అన్న మాట తగిలిస్తుంది. షాపిఫై నుంచి గూగుల్‌కి వెళ్లే జాబితాలోనేమో షాపిఫై అన్న మాట, దేశం కోడ్, సరుకు నంబరు, రంగు నంబరు... నాలుగూ కలిస్తే ఒక ఐడీ. ఇక్కడి జాబితా తీసి అక్కడ పెడితే ఒక్కటీ సరిపోదు. పాత ప్లగిన్ తీయకుండా కొత్తది పెడితే ఒకే కొనుగోలుకి రెండు కబుర్లు, రెండింట్లో రెండు నంబర్లు!

అన్నిటికంటే చిత్రమైంది ఎక్సెల్ చేసే పని. జాబితాని సీఎస్‌వీ ఫైలుగా దించుకుని, ధరలు సరిచేద్దామని ఎక్సెల్‌లో తెరుస్తాం. 00457 కాస్తా 457 అయిపోతుంది. పదకొండు అంకెలు దాటిన నంబరునైతే మధ్యలో ‘ఈ’ అన్న ఇంగ్లిష్ అక్షరం పెట్టి కుదించేస్తుంది. సీఎస్‌వీగానే మళ్లీ సేవ్ చేస్తే ఆ కుదించిన రూపమే ఖాయం. వరసగా ఎక్కించిన చీరల నంబర్లలో మొదటి అంకెలు ఒకటే కాబట్టి సగం చీరలకి ఒకే నంబరు వచ్చి కూర్చుంటుంది. ధర సరిచేయబోతే పేరే పోయిందన్నమాట. ఆ వరుసని ముందే ‘టెక్స్ట్’గా మార్చి తెరిస్తే ఈ బాధ ఉండదు.

ఒక్క చీరతో మొదలు

ఇలాంటప్పుడు వంద సరుకుల్నీ ఒకేసారి వెతకడం దండగ. ఒక్కటి చాలు. క్రోమ్ బ్రౌజర్‌లో ‘మెటా పిక్సెల్ హెల్పర్’ అనే ఉచిత పరికరం పెట్టుకుని, మీ సైట్‌లో ఏదో ఒక చీర పేజీ తెరవండి. పిక్సెల్ పంపిన నంబరు అందులో కనిపిస్తుంది. కాగితం మీద రాసుకోండి. కామర్స్ మేనేజర్‌లోకి వెళ్లి అదే నంబరు వెతకండి. దొరికిందా, సరే. లేదంటే అదే చీరని పేరుతో వెతికి, అక్కడున్న నంబరు పక్కన రాయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఏమిటో ఇట్టే తెలిసిపోతుంది.

చూడటం దగ్గరే ఆగిపోకండి. కార్ట్‌లో వేసి చూడండి, ఒకసారి కొని కూడా చూడండి (సొంత కొట్టే కదా!). చూసినప్పుడు ఒక నంబరు, కొన్నప్పుడు ఇంకోటి వెళ్లడం మామూలే. ఇక్కడ దుప్పటి కథ అదే.

ఏది మార్చాలి? కేటలాగ్ నంబరు మారిస్తే ఆ సరుకు కంపెనీ లెక్కలో కొత్తదైపోతుంది, పాత చరిత్ర దానికి రాదు. అందుకని కోడ్‌నో, ప్లగిన్ సెట్టింగునో కేటలాగ్‌కి తగ్గట్టు మార్చుకోవడమే మేలు. ఎక్సెల్ పాడుచేసిన జాబితా అయితే తప్పదు, దాన్నే సరిచేయాలి. మార్చిన రోజే అద్భుతాలు జరగవు. పాత కబుర్లు పాత నంబర్లతోనే ఉండిపోతాయి. కొత్తగా చూసినవాళ్లు పోగయ్యేదాకా ఆగాలి.

ఒక్కమాట. నంబర్లన్నీ కలిసినా లెక్క పూర్తిగా సరిపోదు. 2021 నుంచి ఐఫోన్‌లో యాప్‌లు మన జాడ తీయాలంటే మనల్ని అనుమతి అడగాల్సిందే. వద్దన్నవాళ్ల కబుర్లు సరిగ్గా అందవు. కబురు రాకపోవడం వేరు, తప్పు కబురు రావడం వేరు. మొదటిది కొనేవాళ్ల ఇష్టం, దానికి దుకాణదారు చేయగలిగింది తక్కువే. రెండోదానికి మాత్రం ఓ కాగితం, ఓ అరగంట చాలు. సైట్ డిజైన్ మార్చినా, కొత్త ప్లగిన్ పెట్టినా ఆ కాగితం మళ్లీ తీయాల్సి ఉంటుంది.