గ్రౌండ్‌స్ట్రోక్‌లు: బంతిని ఎలా కొట్టాలి, ఎక్కడికి పంపాలి?

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• గ్రౌండ్‌స్ట్రోక్‌లో బంతి దిశను, ఎత్తును నిర్ణయించే అంశాలను వివరించగలుగుతారు.
• క్రాస్‌కోర్టు షాట్ ఎందుకు సురక్షితమో కోర్టు కొలతల ఆధారంగా చెప్పగలుగుతారు.
• తోడు లేకపోయినా సాధన చేయగలుగుతారు.

7.1 పరిచయం

బంతి నేలను ఒకసారి తాకి లేచిన తరవాత ఆడే షాట్‌ను గ్రౌండ్‌స్ట్రోక్ అంటారు. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ ఇందులో రెండు రకాలు. కొత్తగా ఆడేవారు చాలామంది బలంగా కొడితే చాలనుకుంటారు. కాని ఎంత బలంగా కొట్టినా, బంతి నెట్‌కు తగిలితే లేదా గీత దాటితే పాయింటు ప్రత్యర్థిదే. అందువల్ల ముందుగా తెలుసుకోవలసింది బంతిని ఎక్కడికి పంపితే తప్పు జరిగే అవకాశం తక్కువ అన్నది.

7.2 షాట్ ఆడే విధానం

బంతి మీ వైపు రావడం మొదలుకాగానే భుజాలను ప్రక్కకు తిప్పండి. బంతిని శరీరానికి కొంచెం ముందుగా కలవండి. ఆ క్షణంలో రాకెట్ ముఖం ఎటు ఉంటే బంతి దాదాపు అటే వెళుతుంది. ఫోర్‌హ్యాండ్‌ను క్రాస్‌కోర్టుకు ఆడాలంటే బంతిని మరికాస్త ముందుగా, ప్రక్క గీత వెంట ఆడాలంటే కాస్త ఆలస్యంగా కలవాలి.

రాకెట్‌ను క్రింది నుంచి పైకి తీసుకువెళితే బంతి ముందుకు దొర్లుతున్నట్లు తిరుగుతుంది. ఇది టాప్‌స్పిన్. ఇలా తిరిగే బంతిని గాలి క్రిందికి వంచుతుంది. కాబట్టి నెట్‌కు బాగా పైనుంచి పంపినా అది కోర్టులోనే పడుతుంది.

7.3 కోర్టు కొలతలు

నెట్ ఎత్తు గుంజల దగ్గర 1.07 మీటర్లు, మధ్యలో 0.914 మీటర్లు. సింగిల్స్ కోర్టు పొడవు 23.77 మీటర్లు, వెడల్పు 8.23 మీటర్లు. మూల నుంచి ఎదుటి మూలకు లెక్కిస్తే సుమారు 25.15 మీటర్లు వస్తుంది. అంటే క్రాస్‌కోర్టు షాట్‌కు తక్కువ ఎత్తున్న నెట్, దాదాపు 1.4 మీటర్ల అదనపు పొడవు రెండూ కలిసివస్తాయి.

ఇంకో రెండు కారణాలు గమనించండి. ఐమూలగా వచ్చిన బంతిని ప్రక్క గీత వెంట మళ్ళిస్తే, దాని పాత వేగం దాన్ని గీత బయటకు నెడుతుంది. వచ్చిన దారినే తిప్పి పంపితే ఆ ఇబ్బంది ఉండదు. రెండవది, మీరు తిరిగి చేరవలసిన చోటు. ప్రత్యర్థి పంపగల రెండు అంచు దిశలకు మధ్యలో మీరు నిలబడాలి. కుడి మూల నుంచి క్రాస్‌కోర్టు ఆడితే ఆ చోటు మధ్య గుర్తుకు కొంచెం కుడివైపునే ఉంటుంది. గీత వెంట ఆడితే మధ్య గుర్తు దాటి ఎడమవైపుకు పరుగెత్తాలి.

అయితే గీత వెంట షాట్ ఎప్పుడూ ఆడకూడదని కాదు. బంతి నిదానంగా, పొట్టిగా వచ్చి, ప్రత్యర్థి మూలకు జరిగి ఉన్నప్పుడు ఆ సాహసం చేయవచ్చు.

7.4 ఉదాహరణ

రఫెల్ నాదల్ ఎడమచేతి ఆటగాడు. ఆయన క్రాస్‌కోర్టు ఫోర్‌హ్యాండ్ కుడిచేతి ఆటగాడైన రోజర్ ఫెదరర్ బ్యాక్‌హ్యాండ్ వైపుకు వెళ్ళేది. పారిస్ మట్టి కోర్టుపై టాప్‌స్పిన్ బంతి భుజం ఎత్తుకు లేచేది. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌కు అది కష్టమైన ఎత్తు. అక్కడ 2006, 2007, 2008, 2011 ఫైనల్స్‌లో నాదలే గెలిచాడు. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో ఫెదరర్ బేస్‌లైన్‌కు దగ్గరగా నిలిచి, బంతి అంత ఎత్తుకు లేవకముందే బ్యాక్‌హ్యాండ్ ఆడి, అయిదు సెట్లలో గెలిచాడు. సురక్షితమైన షాట్ కూడా ప్రత్యర్థిని ఎలా ఇబ్బంది పెట్టగలదో, దానికి విరుగుడు ఏమిటో ఈ మ్యాచ్‌లు చూపుతాయి.

7.5 సాధన

శిక్షకుడు, కోర్టు మీకు అందుబాటులో లేకపోవచ్చు. గోడ చాలు. నేల నుంచి 0.914 మీటర్ల ఎత్తున సుద్దతో ఒక గీత, దానికి రాకెట్ పొడవంత పైన మరో గీత గీయండి. ఆ రెండింటి నడుమ వరుసగా ఇరవై బంతులు తగిలేదాకా వేగం పెంచకండి. కోర్టు దొరికిన రోజున సర్వీస్ లైన్‌కు, బేస్‌లైన్‌కు మధ్య ఐమూలగా బంతులు వేయండి.

7.6 సారాంశం

రాకెట్ ముఖం దిశను, టాప్‌స్పిన్ భద్రతను ఇస్తాయి. సందేహం కలిగినప్పుడు క్రాస్‌కోర్టు ఆడండి. అవకాశం వచ్చినప్పుడే దిశ మార్చండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. క్రాస్‌కోర్టు షాట్ సురక్షితం కావడానికి గల నాలుగు కారణాలు రాయండి.
2. ఎడమ మూల నుంచి గీత వెంట ఆడిన తరవాత మీరు ఎటువైపు చేరాలి? ఎందుకు?