ఆటస్థలంలో దాహం

'క్రీడాభిరామం' చదివిన ఉపాధ్యాయులకు గోవింద మంచనశర్మనూ టిట్టిభసెట్టినీ కొత్తగా పరిచయం చేయనక్కర లేదు. ఓరుగల్లు వీధులలో ఆ మిత్రులిద్దరూ పొట్టేళ్ల పోరు చూస్తారు, కోడిపందెం చూస్తారు. పూటకూటి యింట సుష్ఠుగా భోజనమూ చేస్తారు. వేడుక చూడవచ్చినవానికి ఆకలిదప్పులు ఉంటాయన్న సంగతిని ఆ కవి మరువలేదు. మన పత్రికల క్రీడావార్తలు మాత్రం మైదానం దాటి ఇవతలికి రావు.

ఉప్పల్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియంలో 2005 నవంబరు 16న తొలి అంతర్జాతీయ పోటీ జరిగినది. 2009 నవంబరు 5న ఆస్ట్రేలియాపై టెండూల్కర్ చేసిన 175 పరుగులూ, మూడు పరుగుల తేడాతో మన జట్టు ఓటమీ ఇక్కడివే. ఆ ఆటను బంతిబంతికీ వర్ణించగలవారు మా నాచారంలో నేటికీ ఉన్నారు. మెట్ల వరుసల వెనుక చుట్టూ సాగే నడవను గూర్చి అడిగితే మాత్రం వారు నవ్వి ఊరుకుంటారు. మంచినీరూ, చిరుతిండ్లూ, మరుగుదొడ్లూ అన్నీ ఆ నడవలోనివే కదా!

ఫుట్‌బాల్ దేశాలలో ఈ నడవకు ఒక చరిత్రే ఉన్నది. ఇంగ్లండులో 1985లో చేసిన చట్టం ననుసరించి, పెద్ద జట్ల పోటీలలో ప్రేక్షకుడు మైదానం కనబడే చోట మద్యం తాగరాదు. అందుచేత పదిహేను నిమిషాల విరామంలో జనమంతా నడవలోకి దిగి, బీరు కోసం ఒక వరుసలోనూ, తాగిన బీరు ఫలితంగా మరొక వరుసలోనూ నిలబడతారు. 2022లో కతార్ ప్రపంచకప్పు ఇక రెండు రోజులున్నదనగా స్టేడియాల వద్ద బీరు అమ్మకాన్ని నిలిపివేస్తే లోకమంతా గగ్గోలు పుట్టినది. ఫుట్‌బాల్ మన నగరానికీ కొత్త కాదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు పోలీసు జట్టు మనది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టును నాలుగవ స్థానానికి చేర్చిన శిక్షకుడు రహీం సాహెబు మనవాడు. కాని మన ప్రేక్షకుని పేచీ బీరుతో కాదు, మంచినీటితో.

సీసా లోపలికి తేరాదు. ఇందుకు కారణం లేకపోలేదు. 1996 మార్చి 13న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచకప్పు సెమీఫైనల్ జరుగుతుండగా జనం సీసాలు విసిరి, నిప్పు పెట్టినందున ఆట ఆగిపోయినది. శ్రీలంక గెలిచినట్లు ప్రకటించారు. ఎవరో విసిరిన సీసాలకు ముసలివారూ పసివారూ నేటికీ జరిమానా చెల్లిస్తున్నారు. మన దేశపు అనేక స్టేడియాలలో నీటిని కాగితపు గ్లాసులో పోసి అమ్మటం కద్దు. సీసా మీద గరిష్ఠ ధర అచ్చువేసి ఉంటుంది. గ్లాసు మీద ఏమీ ఉండదు.

2024 జనవరిలో భారత, ఇంగ్లండు జట్ల టెస్టు జరిగినప్పుడు మూడవ రోజున, 27వ తేదీ శనివారం, మా విద్యార్థులు నలుగురితో నాచారం నుంచి బయలుదేరాను. హబ్సిగూడ మీదుగా, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ముందుగా పోయాము. (భూగర్భంలో నీటిజాడలు వెదికే ఆ సంస్థ, వేలమంది దప్పికగొనే స్టేడియానికి ఇరుగుపొరుగు కావటం ఒక వింత.) పుష్యమాసమే అయినా మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమన్నది. నేను రెండుసార్లు నడవలోకి పోయి నీరు తాగి వచ్చాను. ఒక అమ్మాయి మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలలేదు.

"నీళ్లు తాగి రా అమ్మా" అన్నాను.

"వద్దు సార్. ఇంటికి పోయినంక తాగుత."

లోపల నీరు దొరకక కాదు. అక్కడి మరుగుదొడ్డి ఎట్లా ఉన్నదో ఆమె పోయి చూడనే లేదు. చదివిన బడిలో మరుగుదొడ్డికి తలుపు సరిగా లేనందున ఆరవ తరగతి నుంచే పగటిపూట నీరు మానుకున్నదని పక్కనున్న స్నేహితురాలు మెల్లగా చెప్పినది. "అలవాటైపోయింది సార్" అని ఆ పిల్ల తేలికగా అనేసి, పోప్ కొట్టిన రివర్స్ స్వీపును చూడమని వ్రేలు చూపినది. ఆట ముగిసేసరికి పోప్ 148 పరుగులతో నిలిచి ఉన్నాడు. మరునాడు 196 చేశాడు. ఇంగ్లండు 28 పరుగులతో గెలిచినది. ఆ దెబ్బలన్నిటినీ దారి పొడవునా వర్ణించుకుంటూ వచ్చిన ఆ పిల్ల పెదవులు ఎండి ఉన్నవి. ఉదయం ఎనిమిదింటికి ఇల్లు వదిలిన మనిషి.

దప్పిగొన్నవానికి నీరు పోయటం పుణ్యమని మనవారు ఎప్పటి నుంచో ఎరుగుదురు. వేసవి రాగానే వీధి మొగలలో ఎర్రగుడ్డ చుట్టిన రంజన్లు వెలుస్తాయి. తాగిన మనిషి పిమ్మట ఎక్కడికి పోవాలన్న సంగతిని తలపోసిన దాత మాత్రం అరుదు. ముఖ్యంగా ఆ మనిషి ఆడపిల్ల అయినప్పుడు.

సోమవారం నాడు కళాశాలకు పోయి, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ పడుతున్నదా అని ఆయమ్మను అడిగాను.

"పడదు సార్" అన్నది. "ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట పట్టుకొని నిలబడతరు."

ఆ గుమ్మం ముందుగానే నేను ప్రతిదినమూ తరగతికి పోతూ ఉంటాను.