ఏ దశలో దాహమేస్తుందో...

ఆకాశం నిండా మబ్బులే. చలికాలమంతా సూర్యుడు కనిపించడు. అయినా సన్నటి తుంపర తప్ప వాన పడదు! పెరూ రాజధాని లిమాలో ఏడాదంతా కలిపినా వర్షం సాధారణంగా రెండు సెంటీమీటర్లు దాటదు. పసిఫిక్ తీరంలోని ఆ ఎడారి నగరంలోనే 1971 నుంచీ ఉంది అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం. 4 వేలకు పైగా రకాలను దాచిన దుంపల ఖజానా అది.

వాన లేకపోవడం ఎక్కడైనా శాపమే. అక్కడి శాస్త్రవేత్తలకు మాత్రం వరం! ఏ రకం బెట్టకు తట్టుకుంటుందో చూడాలంటే మొక్కకు నీళ్లు ఆపాలి. మధ్యలో ఓ జల్లు పడిందంటే పరీక్ష మొత్తం వృథా. అందుకే వానలుండే చోట పొలాలమీదకు జరిపే కప్పులు కడతారు. లిమాలో ఆ బాధ లేదు. చేలో కాలువ కట్టేస్తే చాలు.

పైపై వేళ్లు

బంగాళాదుంప దాహం ఎక్కువున్న పంట. నాలుగైదు నెలల పంటకు 500 నుంచి 700 మిల్లీమీటర్ల నీరు కావాలి. వేళ్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి కాబట్టి నేల కాస్త ఆరినా మొక్కకు తెలిసిపోతుంది. అలాగని వదిలేయలేం. తాగిన నీటికి ప్రతిఫలంగా వరి, గోధుమలకన్నా ఎక్కువ ఆహారాన్నిచ్చేది ఇదే.

'ఈ రకం బెట్టకు ఆగుతుందా?' అని రైతు అడుగుతాడు. 'ఎప్పటి బెట్టకు?' అన్నది శాస్త్రవేత్తల ఎదురుప్రశ్న.

నాలుగు దశలు... నాలుగు కథలు

నాటిన కొత్తల్లో విత్తనపు దుంపలోని తేమే మొలకను కొంతవరకూ ఆదుకుంటుంది. అప్పుడు నేల ఎండితే ఎదుగుదల వెనకబడుతుంది కానీ పంటకాలం ఎక్కువున్న రకాలు తర్వాత తేరుకోగలవు.

నెల, నెలన్నరకు కాండం అడుగునుంచి సన్నటి కాడలు మట్టిలో పక్కలకు పాకి, వాటి కొసన పిందెల్లా దుంపలు కడతాయి. అప్పుడు నీరందకపోతే దుంపల సంఖ్యే తగ్గిపోతుంది. పొడి మట్టిలో గజ్జి తెగులూ సోకుతుంది.

తర్వాతది దుంప ఊరే దశ. బెట్ట తగిలితే ఆకులు రంధ్రాలు మూసుకుంటాయి. ఆహారం తయారీ తగ్గి, దుంపలు చిన్నవైపోతాయి. అంతలోనే ఒక్కసారిగా నీళ్లు పెడితే పగుళ్లు, బొడిపెలు! ఇక చివర్లో నీళ్లు ఆపడమే మంచిది, తోలు గట్టిపడుతుంది.

అందుకే పరీక్షలో ఒకే రకాన్ని పక్కపక్క మళ్లలో వేస్తారు. ఒక మడికి చివరిదాకా నీళ్లు. ఇంకోదానికి దుంప కట్టేటప్పుడు, మరోదానికి ఊరేటప్పుడు బంద్. ఆకు వేడిని పరారుణ కెమెరాతో కొలుస్తారు. దాహం వేసిన ఆకు చెమట పట్టక వేడెక్కుతుంది మరి. ఆకు పచ్చదనానికీ ఓ మీటరుంది. అయితే పచ్చదనం చూసి సంబరపడితే ఒక్కోసారి మోసపోయినట్టే. నీరు చాలక ఆకు విస్తరించడం ఆగిపోయినా రంగు ముదురుతుంది. పైన కళకళ, కింద గోలీలు! కాబట్టి తుది తీర్పు తక్కెడదే. నీళ్లున్న మడిలో ఎంత, లేని మడిలో ఎంత?

ఆ లెక్కలో ఇంకో మెలిక ఉంది. ఎండినప్పుడు దిగుబడి పెద్దగా తగ్గని రకం, నీళ్లున్న ఏడాది వెనకబడొచ్చు. తొందరగా కోతకొచ్చే రకం చివరి బెట్టను తప్పించుకుంటుంది కానీ నడిమధ్య దెబ్బ తగిలితే కోలుకునే వ్యవధి ఉండదు. అన్ని దశల్లోనూ గెలిచే రకం అరుదు.

చివరి తడి

మనదేశంలో సిమ్లాలోని కేంద్రీయ ఆలు పరిశోధన సంస్థ తక్కువ నీటితో పండేలా 'కుఫ్రీ థార్' రకాలను రూపొందించింది. పేరులోనే ఎడారి! జహీరాబాద్ ప్రాంతంలో చలికాలంలో ఆలుగడ్డ వేసే రైతుకూ ఈ పరీక్షలు పనికొస్తాయి. బోరు ఎండుతోంది, ఇంకొక్క తడికే నీళ్లున్నాయి... ఎప్పుడు పెట్టాలి? చేను వాడిపోయిందని కంగారుపడి కోతకు ముందు పెడితే లాభం లేదు. మట్టిలో దుంప కట్టి, ఊరడం మొదలైనప్పుడు అందిన తడే బస్తాలు నింపుతుంది.

విత్తనం కొనేటప్పుడు 'బెట్టను తట్టుకుంటుంది' అని ఎవరైనా చెబితే, రైతు అడగాల్సిన ప్రశ్న ఒకటే... 'ఏ దశలో?'