ఎవరికి అందుబాటు ఈ ఇళ్లు?

'అఫర్డబుల్ హౌసింగ్' అనే మాట ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ఏ హోర్డింగ్ చూసినా ఉంటుంది. అందుబాటు ధరలో ఇల్లు అని అర్థం. ఎవరికి అందుబాటు అన్నది మాత్రం హోర్డింగ్ మీద రాయరు. అందుకని మన కాలేజీ చుట్టుపక్కల ఉండేవాళ్లనే కొందరిని అడిగాను. మెస్సులో పనిచేసే అక్క, గేటు దగ్గర ఆటో అన్న, వెనక కాలనీలో రిటైరైన ఒక అంకుల్. పేర్లు రాయొద్దన్నారు, రాయట్లేదు. వాళ్ల మాటలు అర్థం కావాలంటే ముందు చిన్న లెక్క చేయాలి. ఎం-1, ఎం-2 దాటి వచ్చినవాళ్లం, ఇదెంత!

2019 ఏప్రిల్ నుంచి, కడుతున్న దశలో ఉన్న ఫ్లాట్ కొంటే జీఎస్టీ 5 శాతం. అదే 'అఫర్డబుల్' కోవలోకి వస్తే 1 శాతమే. హైదరాబాద్ లాంటి మెట్రోలో ఆ కోవలోకి రావాలంటే కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు, ధర 45 లక్షలు మించకూడదు. సరే, 45 లక్షల ఫ్లాటే అనుకుందాం. 20 శాతం, అంటే 9 లక్షలు మన చేతిలోంచి పెట్టుకోవాలి. మిగతా 36 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు లోన్ తీసుకుంటే ఈఎంఐ నెలకు సుమారు 31,200. జీతంలో 30 శాతానికి మించి ఇంటికి పోకూడదనే మామూలు లెక్క పట్టుకుంటే, నెలకు లక్ష పైన రావాలి. ప్లేస్‌మెంట్ ఆఫర్ లెటర్లు అందుకున్న మన సీనియర్లలో కూడా ఎంతమందికి వస్తోంది చెప్పండి?

ఈ లెక్క మెస్ అక్కకు చెబితే గట్టిగా నవ్వింది. "తొమ్మిది లక్షలు ఒక్కచోట ఎట్లుంటయో సూడనే లేదు తమ్మీ" అంది. భార్యాభర్తలిద్దరూ కలిసి నెలకు 24 వేల దాకా సంపాదిస్తారు. ఒకే గదికి అద్దె 5,500, కరెంటు వేరే.

కాబట్టి ఇలాంటి కుటుంబాలకు మిగిలేవి ప్రభుత్వం కట్టే ఇళ్లు. తెలంగాణలో 2015లో డబుల్ బెడ్‌రూం పథకం మొదలైంది. 560 చదరపు అడుగులు, రెండు బెడ్‌రూంలు, హాలు, కిచెన్, లబ్ధిదారుడికి పూర్తిగా ఉచితం. 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరు కాలనీలో ఒక్కచోటే 15,660 ఇళ్లు ఉన్నాయి. ఇది చిన్న పని కాదు. ఆంధ్ర నుంచి వచ్చిన మిత్రులకు టిడ్కో ఇళ్లు తెలిసే ఉంటాయి. అవి 300, 365, 430 చదరపు అడుగులు.

ఆటో అన్నకు డ్రాలో ఇల్లొచ్చింది. బంధువులంతా అదృష్టవంతుడన్నారు. కానీ అది ఇక్కడికి పాతిక కిలోమీటర్లు. ఆయన గిరాకీ, తెలిసిన ముఖాలు, స్కూలు పిల్లల ట్రిప్పులు అన్నీ ఇక్కడే. రోజూ ఖాళీ బండి వేసుకుని రావాలి, ఖాళీగా పోవాలి, గ్యాస్ ఖర్చు తనదే. ఆయన భార్య ఇంతకుముందు నాలుగిళ్లలో పనిచేసేది, నడిచిపోయే దూరం. ఇప్పుడు ఆ నాలుగూ పోయాయి. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా అన్నాను. "టికెట్టు ఫ్రీ తమ్మీ, టైమ్ ఫ్రీ గాదు. పొద్దుగాల ఆరున్నరకు గిన్నెలు తోమాలంటే ఎన్నింటికి లేవాలె?" అన్నాడు. కాసేపాగి, "ఇల్లైతే వచ్చింది గని, పని రాలె గదా ఎంబడి" అన్నాడు.

ఇంత దూరంలో ఎందుకు కడతారు? సివిల్ వాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. సిమెంటు, స్టీలు, లేబర్ ఖర్చు సికింద్రాబాద్‌లోనైనా శివార్లలోనైనా ఇంచుమించు ఒకటే. తేడా అంతా భూమిదే. ప్రభుత్వానికి పెద్ద మొత్తంలో ఖాళీ జాగా దొరికేది ఊరి చివరే, కాబట్టి అక్కడే కడుతుంది. అప్పుడు ఇంటి ఖర్చు కాగితం మీద తగ్గుతుంది. నా ఉద్దేశంలో అది తగ్గడం కాదు, చేతులు మారడం. భూమి మీద మిగిలిన డబ్బును ఆటో అన్న గ్యాస్ రూపంలో, ఆయన భార్య పోయిన జీతం రూపంలో నెలనెలా కడుతున్నారు.

ఉన్నచోటే కట్టిన ఉదాహరణ లేకపోలేదు. పథకం మొదట్లోనే సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు తీసేసి, అదే జాగాలో 396 కొత్త ఇళ్లు కట్టారు. పని, బడి, ఆస్పత్రి అన్నీ పాత దూరంలోనే ఉంటాయి. అయితే ప్రతి బస్తీకి ఇది అంత తేలిక కాదు. కట్టే రెండు మూడేళ్లు జనం ఎక్కడుండాలి, ఆ అద్దె ఎవరు కట్టాలి, తిరిగొచ్చేటప్పుడు తన పేరు లిస్టులో ఉంటుందా? ఈ మూడింటికీ నమ్మకంగా జవాబు దొరక్కపోతే ఉన్న రేకుల ఇల్లు ఎవరు ఖాళీ చేస్తారు?

ఇక అంకుల్. "పేదవాళ్లకు ఇళ్లు కావాల్సిందే బాబూ, నేనేం కాదనను. కానీ మా కాలనీ పక్కనే అంటే మాత్రం ఒప్పుకోం" అన్నారు. వేసవిలో ఇప్పటికే ట్యాంకర్లు తెప్పించుకుంటున్నారు, డ్రైనేజీ లైను చాలట్లేదు, ఇంకో వెయ్యి కుటుంబాలు వస్తే ఎలా అని అడిగారు. నీళ్ల విషయంలో ఆయన మాట నిజం. ఇళ్లకంటే ముందు పైపులు వేయాలి, మనవాళ్లు తరచూ తలకిందులుగా చేస్తారు. ప్లాట్ల రేటు పడిపోతుందన్న భయం మాత్రం నాకు సబబుగా అనిపించలేదు. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ ఎక్కణ్నుంచి వస్తుందని అడిగాను. రెండు బస్సులు మారి వస్తుందట. "అందుకే రోజూ లేటు" అని విసుక్కున్నారు.

మళ్లీ మెస్ అక్క దగ్గరికి వస్తే, ఆమె అడిగేది సొంతిల్లు కాదు. అద్దె ఇల్లే, కానీ సరైనది. ఏటా ఓనరు ఐదొందలు పెంచకుండా, చుట్టాలొస్తే నీళ్లెక్కువ వాడారని మాట అనకుండా, నెల రోజుల టైమన్నా ఇచ్చి ఖాళీ చేయమనేలా ఉంటే చాలట. ఈ కోరిక కొత్తదేం కాదు. లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడిచి ఊళ్లకు పోయాక, 2020 జులైలో కేంద్రం అందుబాటు అద్దె ఇళ్ల పథకం తెచ్చింది. 2024 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం ఆవాస్ అర్బన్ 2.0లో కూడా అద్దె ఇళ్లు ఒక భాగం. కానీ మన రాజకీయాల్లో తాళంచెవి, గృహప్రవేశం ఫొటో ఉన్నంత బలంగా అద్దె రసీదు ఉండదు. నేను మాట్లాడినవాళ్లలో ఒక్కరికి కూడా ఇలాంటి పథకం ఉందని తెలీదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పీఎం ఆవాస్ కింద ఇల్లు రావాలంటే ఆ కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. అక్కది నారాయణపేట వైపు పల్లె. అక్కడ అత్తగారి జాగా ఉంది. సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలిచ్చే ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చిలో మొదలయ్యాక, దరఖాస్తు పెట్టమని అత్త రోజూ ఫోన్ చేస్తోంది. ఊళ్లో ఇల్లు కడితే సిటీలో 'ఇల్లు లేనివాళ్ల' లెక్కలోంచి పేరు పోతుంది. కట్టకపోతే సిటీలో ఎప్పుడొస్తుందో తెలీదు. ఊళ్లో ఇల్లుంటుంది, పనుండదు. ఇక్కడ పనుంది, ఇల్లు లేదు.

"నువ్వైతే యాడ పెడ్తవు తమ్మీ దరఖాస్తు?" అని నన్నే అడిగింది. పిల్లాడి బడి ఇక్కడే కదా, ఇక్కడే పెట్టమన్నాను. ఆధార్‌లో అడ్రస్ ఇంకా ఊరిదే ఉందట. మార్చడానికి అద్దె అగ్రిమెంటు కావాలి, ఓనరేమో రాసివ్వనంటున్నాడు.