గోదారి చేపకు దారేది?

పాకాల, రామప్ప, లక్నవరం నిండి మత్తడి దుంకుతుంటే ఓరుగల్లు జనం నీళ్లు చూడటానికే పోరు, ఎదురెక్కే చేపల్ని చూడటానికీ పోతారు. కొత్తనీరు ఒంటికి తగిలితే చాలు, చేపకు ఒకటే పంతం: పైకి పోవాలి, గుడ్లు పెట్టాలి. రాతికట్ట అడ్డొస్తే ఎగిరి కింద పడుతుంది, మళ్లీ ఎగురుతుంది. చివరికి అలసిపోయి, కింద కాచుకున్న వలకు చిక్కుతుంది.

చెరువు దగ్గర కంటికి కనబడే ఈ కష్టం, గోదావరిలో నీటి అడుగున వందల కిలోమీటర్ల పొడవునా ఉంది.

సముద్రంలో ఇలస, గోదారి ఎక్కితే పులస. పుస్తెలమ్మైనా తినాలని కోస్తావాళ్లు చెప్పుకునే ఈ చేప, వానాకాలపు ఎర్రనీటికి ఎదురీది వచ్చి మంచినీటిలో గుడ్లు పెడుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టాకు అన్నం పెట్టిన కట్టే అది, కాదనలేం. కానీ పులసకు మొదటి అడ్డుగోడ కూడా అదే. ఇప్పుడు అక్కడ 175 గేట్ల బ్యారేజీ ఉంది. గంగానదిలోనూ ఇదే జరిగింది. అలహాబాద్ దాకా వెళ్లే ఇలసకు 1975లో ఫరక్కా బ్యారేజీ అడ్డుపడింది.

ధవళేశ్వరానికి పైన, పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వేలో పులస కోసం చేపల నిచ్చెన కట్టారు. మంచి పనే. అయితే నిచ్చెన కట్టగానే చేప ఎక్కదు. అమెరికాలో కొలంబియా నది మీద బానవిల్ డ్యాం 1938 నుంచీ సాల్మన్‌కు మెట్లదారి ఇస్తోంది. సాల్మన్ ఎగిరి దూకే చేప. పులసది ఈదే పద్ధతే తప్ప దూకే పద్ధతి కాదు. దానికి వాలు తక్కువుండాలి, నడుమ నడుమ ఆగి ఊపిరి తీసుకునే మడుగులుండాలి. అన్నిటికంటే ముఖ్యం వాకిలి. నీటి వడి ఎటు బలంగా ఉంటే చేప అటే పోతుంది. వాకిలి దగ్గర ఆ వడి లేకపోతే, పక్కనే దారి ఉన్నా అది గేటు కిందే కొట్టుకుంటుంది.

పోలవరం దాటిన చేపకు పైన దుమ్ముగూడెం ఉంది. ఆపైన మన ములుగు జిల్లా తుపాకులగూడెంలో 59 గేట్ల సమ్మక్క బ్యారేజీ, ఇంకా పైన 85 గేట్ల మేడిగడ్డ. ఒక్కచోట దారిచ్చి తక్కినచోట్ల తలుపులు మూస్తే ఆ ఒక్క దారీ వృథాయే. ఇది పులస ఒక్కదాని గోడు కాదు. బొచ్చె, రవ్వు కూడా వరదకు ఎదురీదే చేపలే. ఏటా సర్కారు చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపపిల్లల్ని వదులుతోంది. అది అవసరమే. కానీ నది తనంతట తాను పెంచే చేపను అడ్డుకుని, బయటి నుంచి తెచ్చి పోయడంతోనే సరిపెట్టుకోవడం నా దృష్టిలో తప్పు.

2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. దాని మరమ్మతు గురించి మాట్లాడేటప్పుడు గేట్లు, పునాదులతో పాటు చేప దారినీ లెక్కలోకి తీసుకోవాలి. గోదారి ఒడ్డున వల మీద బతికే ప్రతి ఊరూ ఈ మాట అడగాలి.