కారు దూకిందంటే... కాలు వైపు చూస్తారేం?

కారు తనంతట తాను ముందుకు దూకిందని ఎవరికైనా చెప్పి చూడండి. వాళ్ళు కారు వైపు చూడరు, మీ కాళ్ళ వైపు చూస్తారు. చెప్పేది ఆడమనిషైతే ఆ చూపులో ఓ చిన్న నవ్వు కూడా ఉంటుంది. "బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కి ఉంటారు లెండి, కొత్త బండి కదా!" అని మనల్నే సముదాయిస్తారు. పోయిన ఏడాది హైబ్రిడ్ కారు కొన్న దగ్గర్నుంచి ఈ మాట నేను సర్వీస్ సెంటర్‌లో విన్నాను, అపార్ట్‌మెంట్ లిఫ్టులో విన్నాను, చివరికి మా ఆడపడుచు గారింట్లో పూర్ణాలు తింటూ కూడా విన్నాను. పదహారేళ్ళుగా కారు నడుపుతున్నదాన్ని. ఏ కాలు ఎక్కడ పెట్టానో నాకు తెలియదా?

అసలు జరిగిందేమిటంటే... మా ఇంటి దగ్గర రైలు గేటుంది. పట్టాలు వస్తున్నాయని ముందుగానే బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించి వెళతాను. కారు చక్కగా నెమ్మదిస్తూ వస్తుంది. సరిగ్గా ముందు చక్రం పట్టా మీద పడే క్షణంలో ఎవరో వెనకనుంచి తోసినట్టు ముందుకు జారుతుంది! అర సెకను కూడా ఉండదు. కానీ ముందు స్కూటరు మీద పసిబిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న తల్లి ఉంటే ఆ అర సెకను ఎంత పొడుగో డ్రైవింగ్ సీట్లో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

సర్వీస్ సెంటర్‌కి వెళితే సూపర్‌వైజరు నా మాటంతా విని, "సార్ నంబర్ ఇవ్వండి మేడమ్, మాట్లాడతాను" అన్నాడు. కారు నా పేరు మీదుంది, వాయిదాలు నా జీతంలోంచి పోతున్నాయి, నడిపేది నేను. మావారికి స్కూటరు తప్ప రాదు. ఆ సంగతి చెప్పాక కారుని కంప్యూటర్‌కి తగిలించి, "ఎర్రర్ కోడ్ ఏమీ లేదు, బండి పర్ఫెక్ట్" అని పంపించేశారు.

అప్పుడు మొదలుపెట్టాను నోట్‌బుక్. పాల లెక్క రాసుకునే అలాంటి చిన్న పుస్తకమే. తేదీ, టైము, ఎక్కడ, ఎంత స్పీడు, రోడ్డు తడిగా ఉందా పొడిగా ఉందా, బ్యాటరీ ఎన్ని గీతలు చూపిస్తోంది, నా కాలు దేనిమీద ఉంది. మూడు వారాల్లో ఏడుసార్లు రాశాను. అందులో ఆరు రైలు పట్టాల దగ్గర, లేదంటే కాలువ వంతెన మీద ఇనుప రేకు దగ్గర. ఏడుసార్లూ నా కాలు బ్రేకు మీదే. ఏడుసార్లూ బ్రేకు తొక్కింది మెల్లగానే.

పుస్తకం తీసుకుని మళ్ళీ వెళ్ళాను. సూపర్‌వైజర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పట్టాల మీదికే తీసుకెళ్ళాను. రెండోసారి దాటేటప్పుడు అతని ఒళ్ళో ఫోను కిందపడింది. ఆ తర్వాత మాట మారింది. "ఇది ప్రాబ్లమ్ కాదు మేడమ్, హైబ్రిడ్ క్యారెక్టరిస్టిక్" అన్నాడు. పోనీ, ఏదో ఒకటి ఉందని ఒప్పుకున్నాడు కదా!

రెండు చేతులు మారే బ్రేకు

హైబ్రిడ్‌లో పెట్రోల్ ఇంజినూ, కరెంటు మోటారూ రెండూ ఉంటాయని అందరికీ తెలిసిందే. బ్రేకు కూడా రెండు రకాలుగా పడుతుందని మాత్రం షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. మనం మెల్లగా తొక్కినప్పుడు మామూలు బ్రేకు ప్యాడ్లు దాదాపు పనిచేయవు. మోటారే తిరగబడి జనరేటర్‌లా మారి, చక్రం వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతుంది. కారు నెమ్మదించేది ఆ లాగుడికే. గట్టిగా తొక్కినా, వేగం బాగా తగ్గినా అసలు బ్రేకులు అందుకుంటాయి. నూతి దగ్గర అత్తాకోడళ్ళు నిండుబిందె చేతులు మార్చుకున్నట్టన్నమాట. ఒకరు వదిలేటప్పటికి రెండోవారు పట్టుకుని ఉండాలి. చక్రం గతుకులో పడి ఒక్క క్షణం పట్టు తప్పితే మోటారు టక్కున వదిలేస్తుంది. అసలు బ్రేకు అందుకునేలోపు చిన్న సందు. కారు వేగం నిజానికి పెరగదు, తగ్గడం ఆగుతుందంతే. కానీ ఆగుతోందని సిద్ధపడిన ఒంటికి అది దూకినట్టే అనిపిస్తుంది.

ఇది నా ఊహ కాదు. ప్రపంచంలో అందరికంటే ముందు హైబ్రిడ్ కారుని పెద్ద ఎత్తున అమ్మిన టయోటా కంపెనీకే ఈ తలనొప్పి వచ్చింది. 2009లో కొత్తగా వచ్చిన మూడోతరం ప్రియస్ కార్లు గతుకుల మీద, మంచు మీద మెల్లగా బ్రేకు వేస్తే పట్టు వదిలినట్టు ఉంటోందని జపాన్‌లో, అమెరికాలో ఫిర్యాదులు వచ్చాయి. అది డ్రైవర్లకి కలిగే భావన మాత్రమేనని కంపెనీ మొదట్లో చెప్పుకొచ్చింది. 2010 ఫిబ్రవరిలో మాత్రం ప్రపంచవ్యాప్తంగా 4 లక్షల 37 వేల హైబ్రిడ్ కార్లని వెనక్కి పిలిచి బ్రేకు సాఫ్ట్‌వేర్ మార్చింది. "భావన" మార్చడానికి అన్ని కార్లు పిలవక్కర్లేదు కదండీ!

హైబ్రిడ్ ఇంకో రకంగా కూడా హడలుకొడుతుంది. తిరుమల నుంచి దిగుతున్నాం. కాలు యాక్సిలరేటర్ మీద లేదు. సగం ఘాట్ దిగేసరికి ఇంజిన్ ఒక్కసారి గాండ్రించడం మొదలుపెట్టింది. వెనక సీట్లో అత్తయ్య "గోవిందా గోవిందా" అందుకున్నారు. కారు మాత్రం వేగం పెరగలేదు. దిగుడులో బ్యాటరీ నిండిపోయింది. ఇక కరెంటు దాచుకునే చోటు లేదు. ఆ మిగులు శక్తిని ఖర్చుపెట్టడానికి కారు పెట్రోల్ పోయకుండానే ఇంజిన్‌ని గిరగిరా తిప్పుతుంది. అలా వేగాన్ని అదుపులో పెడుతుంది. అంటే ఆ గాండ్రింపు మనల్ని ఆపడానికే. ఘాట్ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు భయపడి ఏదో ఒకటి తొక్కేయకుండా ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. గేరు దగ్గర 'బి' అనే అక్షరం ఉంటే అది దిగుళ్ళ కోసమే.

కాబట్టి దూకినట్టు అనిపించిన ప్రతిసారీ కారు దూకినట్టు కాదు. కానీ నిజంగా దూకిన రోజూ ఒకటుంది.

కాలు తీసినా...

పొద్దున్నే పాపని స్కూలుకి తీసుకెళుతున్నాను. మా సెల్లారు ర్యాంపు నిటారుగా ఉంటుంది, ఎక్కాలంటే కాస్త గట్టిగా తొక్కాలి. పైకొచ్చేసరికి కాలు తీశాను. పెడల్ పైకి రాలేదు. కారు గేటు వైపు పోతూనే ఉంది, గేటు దగ్గర వాచ్‌మన్ బకెట్‌తో నీళ్ళు చల్లుతున్నాడు. బ్రేకు మీద నిలబడ్డట్టు తొక్కాను. లివర్ని 'ఎన్'లోకి తోశాను. ఆగింది. పాప వెనకనుంచి "ఏమైందమ్మా?" అంటే నాకు నోట మాట రాలేదు.

వంగి చూస్తే, కారు డెలివరీ రోజున షోరూమ్ వాళ్ళు కానుకగా పరిచిన మందపాటి రబ్బరు మ్యాటు ముందుకు జరిగి, దాని అంచు యాక్సిలరేటర్ని నొక్కి పట్టుకుని ఉంది. అడుగున కారుతోపాటు వచ్చిన మ్యాటుకి కొక్కేలున్నాయి. దానిమీద పరిచిన దీనికి ఏ ఆధారమూ లేదు. ముట్టుకోకుండా ముందు ఫోటోలు తీశాను. అవి లేకపోతే ఆ రోజు కూడా నా కాలే దోషి.

ఒక మ్యాటు ఏం చేస్తుందిలే అనుకోవద్దు. 2009 ఆగస్టు 28న అమెరికాలో శాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్ కారు ఆగకుండా పోయి నలుగురు చనిపోయారు. నడిపిందెవరో కాదు, హైవే పోలీసు అధికారి. భార్య, కూతురు, బావమరిది కారులో ఉన్నారు. సొంత కారు సర్వీసుకిచ్చి, డీలరు ఇచ్చిన కారులో వెళుతున్నారు. అందులో వేరే మోడల్ ఎస్.యు.వి. కోసం చేసిన రబ్బరు మ్యాటు పరిచి ఉంది, అదే పెడల్ని పట్టేసిందని దర్యాప్తులో తేలింది. నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకోటుంది. అంతకు కొద్దిరోజుల ముందే అదే కారు తీసుకెళ్ళిన ఇంకో కస్టమరు, మ్యాటు పెడల్‌కి తగులుకుంటోందని డీలరు దగ్గర చెప్పి మరీ వెళ్ళాడు. చెప్పిన మాట చెప్పినచోటే ఉండిపోయింది.

ఆ తర్వాత టయోటా మ్యాట్ల గొడవ మీదా, పైకి రాకుండా అతుక్కుపోయే పెడళ్ళ మీదా లక్షల కార్లని వెనక్కి పిలిచింది. 2010 ఫిబ్రవరిలో కంపెనీ అధిపతి అకియో టయోడా అమెరికా కాంగ్రెస్ ముందు నిలబడి క్షమాపణ చెప్పాడు. ఎలక్ట్రానిక్ వ్యవస్థలో లోపముందా అని నాసా ఇంజినీర్లు కూడా పరీక్షించారు. అలాంటిదేమీ దొరకలేదని 2011లో ప్రకటించారు. 2013లో ఓక్లహోమాలో జ్యూరీ మాత్రం, డెబ్భై దాటిన ఒకావిడ నడిపిన క్యామ్రీ ప్రమాదంలో సాఫ్ట్‌వేర్ నిపుణుల సాక్ష్యం విని కంపెనీదే తప్పంది. 2014లో, భద్రతా లోపాల గురించి జనాన్ని తప్పుదారి పట్టించినందుకు టయోటా 120 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

రెండోవైపు కూడా చెప్పాలి. 2010 మార్చిలో కాలిఫోర్నియాలో ఒకాయన తన ప్రియస్ ఆగడం లేదని పోలీసులకి ఫోన్ చేశాడు. గంటకి 150 కిలోమీటర్ల దాకా పోయిందట. పోలీసు కారు పక్కకొచ్చి మైకులో చెబితే బ్రేకులన్నీ వేసి ఆపాడు. తర్వాత ఇంజినీర్లు ఎంత ప్రయత్నించినా ఆ కారు మళ్ళీ అలా పోలేదు. 1980లలో ఆడి 5000 కార్ల మీద ఇలాంటి ఫిర్యాదులే వెల్లువెత్తితే, చాలావరకు డ్రైవర్లు పెడల్ మార్చి తొక్కడమే కారణమని 1989లో ప్రభుత్వ నివేదిక తేల్చింది. అయినా ఆ గొడవ వృథా పోలేదు. ఈనాడు ఆటోమేటిక్ కారులో బ్రేకు తొక్కితే తప్ప 'పి' నుంచి గేరు కదలదు చూశారా, అది అప్పటి నుంచి వాడుకలోకి వచ్చిందే.

పెడల్ పొరపాట్ల మీద అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2012లో ఇచ్చిన నివేదికలో ఆడవాళ్ళ సంఖ్యే ఎక్కువగా ఉంది. మరీ చిన్నవాళ్ళు, మరీ పెద్దవాళ్ళు కూడా. దీన్ని పట్టుకుని మగవాళ్ళు నవ్వితే నేనొకటి అడుగుతాను. ఐదడుగుల మనిషి ఆరడుగుల మనిషికి సరిపోయే సీట్లో కూర్చుని, మునివేళ్ళతో పెడల్ అందుకుంటుంటే తప్పు కాలిదా, సీటుదా? షోరూమ్‌లో రంగు చూడకముందే సీట్లో కూర్చోండి. మడమ నేలకి ఆనాలి. బ్రేకు చివరిదాకా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండాలి. అలా కుదరకపోతే ఆ కారు ఎంత ముద్దొచ్చినా వద్దు. జారే చెప్పులూ, ఎత్తు మడమలూ కారు బయటే. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోండి, ఎవరూ చూడరు.

మ్యాటు ఒక్కటే, అదీ ఆ మోడల్‌దే, కొక్కెం పడిందో లేదో లాగి చూడండి. పాతదానిమీద కొత్తది వద్దు. పెడల్ ఇరుక్కుంటే బ్రేకు ఒకేసారి గట్టిగా తొక్కి పట్టండి, వదిలి వదిలి తొక్కితే కొన్ని కార్లలో బలం తగ్గిపోతుంది. గేరు 'ఎన్'లోకి. ఇంజిన్ ఎంత అరిచినా అరవనివ్వండి. ఆగాకే ఆపు చేయండి. బటన్ స్టార్టు కార్లలో నడుస్తుండగా బటన్ని ఒక్కసారి నొక్కితే సాధారణంగా ఆగదు, రెండు మూడు సెకన్లు పట్టి ఉంచాలి. మీ కారుకి ఎలాగో పుస్తకంలో చూసుకోండి. ఖాళీ మైదానంలో నెమ్మదిగా వెళుతూ 'ఎన్'లోకి మార్చడం నాలుగుసార్లు అలవాటు చేసుకోండి. నేను మా చెల్లెలి చేత ఓ ఆదివారం ఇదే పని చేయించాను.

హైబ్రిడ్‌తో మరో జాగ్రత్త. కారు ఆన్‌లో ఉన్నా చప్పుడుండదు. 'రెడీ' లైటు వెలుగుతుంటే అది నిద్రపోతున్నట్టు కాదు, నటిస్తున్నట్టు. పిల్లల్ని లోపల వదిలి కొబ్బరికాయ కొనడానికి దిగొద్దు.

ఇక ఫిర్యాదు సంగతి. నోటిమాట ఎవరికీ గుర్తుండదు, జాబ్ కార్డు మీద రాయించండి. "కస్టమర్ సాటిస్ఫైడ్" అని వాళ్ళు రాసినచోట సంతకం పెట్టకండి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న బండ్లని వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏడేళ్ళలోపు బండ్ల మీద యజమానులు ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఒకే మోడల్ మీద చాలామంది చెబితేనే కదలిక వస్తుంది, కాబట్టి "మన ఒక్కరితో ఏమవుతుంది" అనుకోవద్దు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్.

నా మూడో జాబ్ కార్డులో రబ్బరు మ్యాటు తీసేసినట్టూ, బ్రేకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినట్టూ రాశారు. "బ్రేకు మీద కాలు ఉండగా" అన్న ముక్క సూపర్‌వైజరు వదిలేస్తే నేనే చెప్పి చేర్పించాను. పట్టాల దగ్గర జారడం చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. వచ్చే నెల మళ్ళీ సర్వీసు. నోట్‌బుక్‌లో కొత్తగా మూడు తేదీలు ఉన్నాయి.